విద్యాపీఠముల వెబ్‌సైటులు – లేఖకులకు శిక్షణము

వెల్దుర్తి యను పేరుగల మండలకేంద్రములు తెలుఁగునాట మూఁడు కలవు. ఒకటి పల్నాట మాచర్లకుఁ జేరువ నున్నది. ఒకటి కర్నూలు జిల్లాలోనిది. ఒకటి తెలంగాణమున మెదకు జిల్లాలోనిది. వీనిలో మొదటిది 2022వ సంవత్సరము ఏప్రిలు 3వ తేది వఱకు గుంటూరు జిల్లాలో నుండెను; మఱునాఁడు పల్నాడు జిల్లా యేర్పడఁగా నందుఁ జేరెను. ఊరు కదలలేదు, పొలిమేర మాఱలేదు. అయినను ఆ యూరి విద్యార్థుల చిరునామాలుగల ప్రతి దరఖాస్తు నమూనాలోను, ప్రతి వెబ్‌పుటలోను ఒక్క మాట మార్పవలసివచ్చెను. ఆ మాటను మార్పవలసినవా రెవరు? మార్చి రని చదువరి కెట్లు తెలియును? విశ్వవిద్యాలయముల వెబ్‌సైటుల విషయమునఁ గల చిక్కంతయు నీ రెండు ప్రశ్నలలో నిమిడియున్నది.

పల్నాటి డిగ్రీకళాశాలలకు ఆశ్రయమైన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము 1976లో స్థాపితమైనది. దానికి బీజము 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు గుంటూరున నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రము. వెల్దుర్తినుండి నాగార్జుననగరమునకు నూఱు కిలోమీటరులకు మించిన దారి. పూర్వము పరీక్షాఫలితము తెలియుటకు వార్తాపత్రికయో, ఉత్తరమో, బస్సు ప్రయాణమో శరణ్యముగా నుండెను. నేఁడు చేతిలోని ఫోనే చాలును. కాఁబట్టి యే విద్యాపీఠముదైన నేమి, పుటలో గడువుతేది తప్పుగా నున్నచో ఆ తప్పు దూరపుటూరి బీదవాని కొకదినపు కూలిగను, ఒక్కొక్కప్పుడు ఒక విద్యాసంవత్సరముగను బరిణమించును.

ఈ బాధ్యత విద్యాపీఠముల యిష్టమునకు విడువఁబడినది కాదు. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము 4వ సెక్షనున, ప్రజాధికారసంస్థలు 17 విషయములను 120 దినములలోఁ దమంతటఁ దామే ప్రకటింపవలయు ననియు, ఏటేట సవరింపవలయు ననియు విధించినది. ప్రభుత్వ వెబ్‌సైటులకు జాతీయ సమాచార కేంద్రమువారు 2009లో నియమావళిని గూర్చిరి; అది 2018లోను, 2023లోను సంస్కరింపఁబడినది. విషయమును వ్రాయువా రెవరు, ఆమోదించువా రెవరు, ఎంతకాలమున కొకమాఱు పరిశీలింపవలయును, పాతవానిని నెక్కడ దాఁచవలయును అను వానినెల్ల నందు స్పష్టముగాఁ జెప్పిరి. బాధ్యుఁడైన యధికారి యొకఁ డుండవలయు ననియు నందుఁ గలదు.

వాడుక వేఱు. సాధారణముగా వెబ్‌సైటును బయటి సంస్థచేఁ గట్టింతురు, ప్రారంభోత్సవము చేయుదురు, ఒప్పందపు గడువు తీఱఁగానే కట్టినవారు వెడలిపోదురు. తాళపుమాట యెవరియొద్ద నున్నదో తెలియదు. ఉద్యోగవిరమణ చేసిన యాచార్యుఁడు పుటలో నింకను శాఖాధ్యక్షుఁడుగనే యుండును. ఇది కట్టినవారి దోషము కాదు. శాఖాధ్యక్షుఁడు మాఱె నని తెలిసినవాఁడు ఆ శాఖ గుమాస్తా. రుసుము మాఱె నని తెలిసినవారు పరీక్షావిభాగమువారు. క్రొత్తగాఁ జేరిన గ్రంథముల నెఱిఁగినవాఁడు గ్రంథాలయాధికారి. ఎఱిఁగినవాఁడు వ్రాయలేక, వ్రాయఁగలవాఁ డెఱుఁగక యుండుటయే పుటలు పాడగుటకుఁ గారణము.

శిక్షణము కావలసిన దీ యెఱిఁగినవారికే. 2001లో వెలువడిన ద్రూపల్, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాధనములు వచ్చిన పిమ్మట పుటను దిద్దుటకు సంకేతభాషను నేర్వ నక్కఱలేదు. ఉత్తరము టైపుచేయఁగలవాఁడు చాలును. అందు రచయితకు, సంపాదకునకు, ప్రచురణకర్తకు వేఱువేఱు అధికారము లీయవచ్చును. అచ్చుకూటమునఁ బ్రూఫుదిద్దువాఁ డున్నట్లే యిందును రెండవకన్ను ఉండవలయును. ఈ భాగమును నేర్పుటకు రెండుమూఁడు దినములు చాలును. తెలుఁగు వ్రాఁతను నేర్పుటకే యెక్కువ కాలము వలయును; శిక్షకులు తఱచుగా విడిచిపెట్టునదియు నదియే.

తెలుఁగు ముద్రణమునఁ బెక్కేండ్లుగా వాడుకలోనున్న అను ఫాంటుల వంటివానిలోఁ దెలుఁగులిపి పైవేషము మాత్రమే. లోపలనున్నవి ఆంగ్లవర్ణములకు నియతమైన సంఖ్యలు. ఆ ఫాంటు లేని యంత్రమున నా పాఠము అర్థములేని గుర్తుల వరుసయై కనఁబడును. యూనికోడునం దట్లు కాదు. 1991లో వెలువడిన దాని తొలికూర్పునుండియుఁ దెలుఁగునకుఁ బ్రత్యేకముగా 128 స్థానములు కేటాయింపఁబడినవి. సంఖ్య వర్ణమునకే కాని యాకృతికిఁ గాదు. వెల్దుర్తి యను మాట కంటికి మూఁడక్షరములు, ఛందస్సునకుఁ దగణము, యంత్రమునకుఁ బది సంఖ్యలు: వకారము, ఎత్వము, లకారము, పొల్లు, దకారము, కొమ్ము, రేఫము, పొల్లు, తకారము, గుడి. ఈ పదియు నీ వరుసనే యున్నచో నా పేరు ప్రపంచమున నెక్కడ వెదకినను దొరకును. ఆంగ్లలిపిలో నీ పేరును హకారము చేర్చి యొకరు, చేర్పక యొకరు, తుద నికారముతో నొకరు, యకారముతో నొకరు వ్రాయుచున్నారు. తెలుఁగులిపిలో నా చిక్కు లేదు. మూఁడు వెల్దుర్తులలో నేదియో తెలియుటకు మాత్రము జిల్లాపేరును జేర్పవలసినదే.

కన్ను పట్టలేని తప్పులును గలవు. గుంటూరు అను మాటలోని సున్నకు మాఱుగాఁ దెలుఁగు అంకెలలోని సున్నను వ్రాయుట వానిలో నొకటి. రెండును గుండ్రముగనే యుండును; ప్రూఫు చూచిన పండితుఁడును బోల్చుకొనలేఁడు. యంత్రమునకు మాత్రము రెండును వేఱు. అట్లు వ్రాసిన పుట గుంటూరు అని వెదకువానికి దొరకదు. వెబ్‌సైటు అను మాటయందే మఱియొకటి యున్నది: బకారపుఁబొల్లునకుఁ బిమ్మటఁ గనఁబడని విభాజకమును జేర్పనిచో సకారము వత్తై బకారము క్రిందఁ జేరును. సంస్కృతపు సంయుక్తాక్షరములకు సంధించుట గుణము, అన్యదేశ్యముల కిది దోషము. ఈ భేదము వ్యాకరణ మెఱిఁగినవానికి క్షణమునఁ దెలియును. దంత్య చజలకు 2008లోను, నకారపుఁబొల్లునకు 2021లోను యూనికోడునఁ బ్రత్యేకస్థానములు లభించినవి. ఇట్టి విషయములను నేర్పుటకు యంత్రవేత్తకంటెఁ దెలుఁగు పండితుఁడే తగినవాఁడు. ప్రతి విశ్వవిద్యాలయమునను దెలుఁగుశాఖవారి నీ శిక్షణమునకుఁ బిలువకుండుట వింతయే.

సంతకముచేసిన కాగితమును ఫోటో తీసి పుటలో నతికించుట మఱియొక దురలవాటు. ఆ బొమ్మలోని మాటలు వెదకిన దొరకవు. అంధవిద్యార్థికిఁ జదివి వినిపించు సాధనమునకు నది మూఁగది. సంతకపుఁబ్రతిని నుంచుకొన వచ్చును; దానిప్రక్కనే పాఠమును టైపుచేసి యుంచవలయును.

పరిశోధకుల కన్నిఁటికంటె నెక్కువగాఁ దాఁకునది పుటల చిరునామా. వెబ్‌సైటును క్రొత్తగాఁ గట్టినప్పుడెల్లఁ బాత చిరునామాలు నశించుచున్నవి. సిద్ధాంతవ్యాసమున నధస్సూచికగాఁ జూపిన యాధారము శూన్యమునకుఁ దీసికొనిపోవును. పాత చిరునామాను బట్టి వచ్చినవానిని గ్రొత్తదానికిఁ బంపు నేర్పాటు చేయుట యంత్రవేత్తకు స్వల్పకార్యము. కాని యడుగువాఁ డుండవలయును గదా. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులను, లేఖకులను జీతములిచ్చి నియమించి, పెక్కు తాళపత్రప్రతులను బోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. ఆకు చెడకముందే మఱియొక ప్రతి వ్రాయించువాఁ డున్నందుననే ప్రబంధములు దక్కినవి. వెబ్‌పుట యాయువు తాటియాకు దానికంటెఁ జాల తక్కువ.

అట్లని యన్నిఁటిని దిద్దుటయుఁ దగదు. 2019లో నిచ్చిన ప్రకటనలో వెల్దుర్తి గుంటూరు జిల్లాలోనిదిగా నుండుట తప్పు కాదు. ఆనాఁటి కదియే నిజము. దానిని యథాతథముగా భద్రపఱచి, తేదిని జూపి, నేఁటి పుటలో మాత్రమే పల్నాడు అని వ్రాయవలయును. సవరణకును, పాఠాంతరమునకును గల భేదమును శిక్షణము పొందువారికి మొదటి దినముననే చెప్పఁదగును.

శిక్షణమునకుఁ దగిన నెలవులు దేశమున లేకపోలేదు. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారి 2009 నాఁటి నిబంధనలు సిద్ధాంతవ్యాసముల ప్రతులను వైద్యుతరూపమున సమర్పింప విధించినవి. వానిని జేర్చు శోధగంగయను భాండాగారమును ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారు నడపుచు, విశ్వవిద్యాలయముల గ్రంథాలయోద్యోగులకు శిక్షణ మిచ్చుచున్నారు. 1987లో నారంభమై, నేఁడు మాలవీయ కేంద్రము లనఁబడు బోధకశిక్షణాలయములు కలవు. కాని వీని ప్రధానోద్దేశము బోధకుల శిక్షణము. పరీక్షావిభాగపు గుమాస్తాను వారమురోజులు కార్యాలయపుఁ బనినుండి విడిచి పంపుట కధికారులు సమ్మతింపవలయును. అతఁడు తిరిగివచ్చిన పిమ్మట నొక పుట నతని పేరఁ బెట్టి, యా పుట యడుగున నతని యుద్యోగపుఁబేరును, కడపటి సవరణ తేదిని గనఁబడునట్లు ముద్రింపవలయును. వెల్దుర్తి విద్యార్థి మొదటఁ జూడవలసినది ఆ తేదినే.