రక్షణ కూడా సృజనే: పెట్రోస్యాన్ చదరంగం

దాడిలోనే ప్రతిభ ఉందనీ, రక్షణలో ఉన్నది ఉత్త జాగ్రత్తేననీ ఒక అభిప్రాయం చదరంగ విమర్శలో చాలాకాలం చెలామణి అయింది. గొంతెత్తి పలికిన రచనే శక్తిమంతమైనదని భావించే సాహిత్య ధోరణికి ఇది దగ్గరి చుట్టం. ఈ అభిప్రాయంవల్ల బాగా నష్టపోయిన ఆటగాడు ఆర్మీనియన్ గ్రాండ్‌మాస్టర్ టిగ్రాన్ పెట్రోస్యాన్. 1963 నుంచి 1969 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న ఈయన్ని పిరికివాడనీ, డ్రాలతో కాలం గడిపేవాడనీ ఈసడించినవాళ్ళున్నారు. అందులో నిజమెంతో, పైచూపు ఎంతో పరిశీలించడం అవసరం.

పెట్రోస్యాన్ 1929 జూన్ 17న జార్జియాలోని తిబిలిసిలో ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, పొట్టకూటికి వీధులు ఊడ్చాడు. ఇంతవరకు చెప్పి, ‘కష్టాలు పడ్డాడు కనక భద్రత కోరుకున్నాడు, అంచేత రక్షణ ఆడాడు’ అని తేల్చెయ్యడం సులువు. కాని అది యాంత్రిక విమర్శ. యుద్ధం అనాథల్ని చేసిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలోంచి పెట్రోస్యాన్ ఒక్కడే వచ్చాడు. జీవితానికీ కళకూ నడుమ శిక్షణ, సంస్థ, సంప్రదాయం అనే మెట్లున్నాయి. తిబిలిసి పయొనీర్ భవనంలో ఆర్చిల్ ఎబ్రాలిద్జే అనే గురువు ఆ కుర్రవాడికి దొరికాడు. నిమ్జోవిచ్ పుస్తకం చేతికందింది. ప్రత్యర్థి పథకం రూపు కట్టకముందే దాన్ని అడ్డుకోవాలన్నది నిమ్జోవిచ్ బోధించిన ముఖ్య సూత్రాల్లో ఒకటి. అనుభవం ముడిసరుకు అనుకుంటే, దానికి రూపం ఇచ్చింది ఈ విద్యే.

ఆ రూపం ఎటువంటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. చదరంగం నేర్చుకునేవాళ్ళకు మొదట చెప్పేది పావుల విలువ: ఏనుగుకు అయిదు, గుర్రానికీ శకటుకూ మూడేసి. 1953లో జ్యూరిక్ టోర్నమెంటులో రెషెవ్‌స్కీతో ఆడుతూ పెట్రోస్యాన్ 25వ ఎత్తులో తన ఏనుగును ప్రత్యర్థి శకటుకు ఎదురుగా, చంపుకోవడానికి వీలుగా పెట్టాడు. రాజుకు కట్టు లేదు, దాడి లేదు. మరి ఎందుకిచ్చినట్టు? రెషెవ్‌స్కీ బంట్లు నడిమి గళ్ళలో ముందుకు కదిలితే నల్లపావుల పక్షం నలిగిపోతుంది. వాటిని ఆపాలంటే గుర్రం ఒక గడికి చేరాలి. ఆ దారిలో ఏనుగు అడ్డంగా ఉంది. ఏనుగు తప్పుకుంది, గుర్రం చేరింది, బంట్లు ఆగిపోయాయి. ఆట డ్రా అయింది. అయిదు అంకెగల ఏనుగు ఆ స్థితిలో మూడు అంకెగల గుర్రంకన్నా తక్కువ. విలువ పావులో ఉండదు, పావుల మధ్య సంబంధంలో ఉంటుంది. దాడికోసం పావును బలి ఇవ్వడం పాత సంగతి; రక్షణకోసం బలి ఇవ్వడాన్ని ఒక పద్ధతిగా పెంచినవాడు పెట్రోస్యాన్. ఈయన 1968లో ఎరెవాన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసం చదరంగ తర్కం మీద కావడం యాదృచ్ఛికం కాదు.

దాడి చేతకాక ఈ దారి పట్టాడా? 1966లో స్పాస్కీతో జరిగిన ప్రపంచ పోటీ పదో ఆట దీనికి జవాబు. 30వ ఎత్తులో మంత్రినే బలి ఇచ్చాడు. దాన్ని చంపితే గుర్రం ఒకే దెబ్బకు రాజునూ మంత్రినీ పట్టుకుంటుంది. స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు. ఆ పోటీ 12½–11½తో పెట్రోస్యాన్‌దే. 1958 నుంచి 1978 వరకు ఒలింపియాడ్లలో ఆడిన 129 ఆటల్లో ఓడినది ఒక్కటే, గెలిచినవి 78. గెలుపులు ఇన్ని ఉన్నవాణ్ణి డ్రాల మనిషి అనడం లెక్క తెలియకపోవడమే.

అలాగని లోపాల్ని కప్పిపుచ్చనక్కర్లేదు. 1962 కురసావ్ టోర్నమెంటులో ఒక్క ఆటా ఓడకుండా మొదటి స్థానం పొందాడు. కాని అక్కడ పెట్రోస్యాన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 ఆటలూ డ్రాలే. ఇది కుమ్మక్కు అని ఫిషర్ బహిరంగంగా ఆరోపించాడు. ఆ తర్వాత అర్హత పోటీల పద్ధతే మారింది. 1971లో బ్యూనోస్ ఎయిర్స్‌లో అదే ఫిషర్‌ను రెండో ఆటలో ఓడించి, తర్వాత మూడు డ్రాలు చేసి, చివరి నాలుగు ఆటలూ వరసగా పోగొట్టుకున్నాడు. ఎదుటివాడి పథకాన్ని ఆపడమే బలమైనవాడికి, ఆపలేని పథకం ఎదురైనప్పుడు చేతిలో మిగిలేది తక్కువ. ఇది ఆ శైలికున్న హద్దు. హద్దులేని శైలి లేదు.

1963లో మాస్కోలో బొత్విన్నిక్‌ను 12½–9½తో ఓడిస్తున్న రోజుల్లో, ఎరెవాన్ నడిబొడ్డున పెద్ద ప్రదర్శన బల్లలమీద ఎత్తులు చూపిస్తుంటే జనం గుమిగూడి చూశారు. విమర్శకులు నిస్సారమన్న ఆటను సామాన్యులు ఊపిరి బిగబట్టి చూశారు. తమవాడన్న అభిమానం అందులో ఉన్నమాట నిజమే; కాని అభిమానం ఒక్కటే చదరంగాన్ని నేర్పదు. 1984లో పెట్రోస్యాన్ చనిపోయాక కూడా ఆ నేర్పు ఆగలేదు. ఎరెవాన్ చదరంగ భవనానికి ఆయన పేరే ఉంది. 2006, 2008, 2012 ఒలింపియాడ్లను ఆ చిన్న దేశం గెలిచింది. 2011 నుంచి అక్కడి బడుల్లో చదరంగం పాఠ్యాంశం.

పెట్రోస్యాన్ గొప్ప ఎత్తులు చాలా వరకు బల్లమీద కనిపించవు. ఎదుటివాడు ఆడలేకపోయిన ఎత్తుల్లో ఉంటాయి. జరిగినదాన్ని మాత్రమే లెక్కపెట్టే విమర్శకు అవి అందవు. ఏది జరగకుండా ఆగిందో, దాన్ని ఆపింది ఏదో అడిగినప్పుడే ఈ ఆట అర్థమవుతుంది. నెమ్మదిగా పలికే రచన ముందు కూర్చున్నప్పుడు కూడా విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఇదే.