కావలికణములు - లింఫోమా

మెదకు కోటకు ప్రథమద్వారము, సింహద్వారము, గజద్వారము గలవు. శత్రువు కావలివానిలోనే దాగినచో ద్వారము లేమి చేయును? మన రక్తమందలి బి-కణములు కావలివారే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వానియందే జీవితాంతము దాగును. టి-కణముల నిఘా సడలినచో ఆ బి-కణములు అడ్డులేక పెరిగి, లింఫోమా యను క్యాన్సరు కలుగవచ్చును.

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి (1895–1948) బృందము అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేట్ పెద్దమోతాదున లింఫోమాను అణచును. దేహరక్షణ సొంతకీళ్ళపైనే తిరుగబడు కీళ్ళవాతమునకు వారమున కొకమారు చిన్నమోతాదున నిత్తురు. వింత యేమన, అట్టి రోగులలో బహుకొద్దిమందికి లింఫోమాయే పుట్టినది; మందు మాన్పగా కొందరికి గడ్డ తనంతట కరగినది! అట్లని మీయంతట మందు మానుడని మేము చెప్పుట లేదు. అదుపుతప్పిన కీళ్ళవాతమును ఆ ముప్పును పెంచును. మెడలోగాని చంకలోగాని నొప్పిలేని గడ్డ వారములు గడచినను తగ్గనిచో వైద్యునకు చూపుడు.