గాలికి వదలిన వేడిమి - కాగితమెక్కిన హక్కు

కొండ ఎక్కు బండికి బలము కావలెను. దిగు బండికి నిగ్రహము కావలెను. రెండింటిలో రెండవదే కష్టమని ఘాట్ రోడ్లపై బండి నడపువారందరు ఎరుగుదురు. తిరుమల నుండి తిరుపతికి వచ్చు బస్సు దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగవలెను. బస్సును, ప్రయాణికులను కలిపి 15 టన్నులనుకొన్నచో, తరువాతిది ఉన్నత పాఠశాల నల్లబల్లపై వ్రాయదగిన లెక్క. ద్రవ్యరాశి 15,000 కిలోగ్రాములు, గురుత్వ త్వరణము 9.8, ఎత్తు 700. మూడింటిని గుణించినచో సుమారు 10 కోట్ల 29 లక్షల జౌళ్ల స్థితిజశక్తి వచ్చును. ఇంటి కరెంటు మీటరు భాషలో అది 28 యూనిట్ల పైచిలుకు. టైర్ల ఒరిపిడియు, గాలి అడ్డగింపును తమ వంతు తినివేయగా, మిగిలిన ఇరువది యూనిట్ల శక్తిని దారిలోనే ఎక్కడనో దింపుకొనవలెను. దింపుకొననిచో బస్సు మలుపులో ఆగదు.

సాధారణపు బస్సులో ఈ శక్తి అధికభాగము బ్రేకు డ్రమ్ముల ఘర్షణలో వేడిమిగా మారును. డ్రమ్ములు వేడెక్కిన కొలది బ్రేకు పట్టు సడలును. దిగుడులో తక్కువ గేరులో పొమ్మని డ్రైవర్లను హెచ్చరించుట ఇందుకొరకే. విద్యుత్ బస్సు సంగతి వేరు. అది దిగునప్పుడు చక్రములే మోటారును త్రిప్పును. మోటారు డైనమోగా మారి బ్యాటరీలోనికి విద్యుత్తును పంపును. ఆ పంపుటలోనే బండి వేగము అణగును. ఎక్కునప్పుడు పెట్టిన ఖర్చులో కొంత దిగునప్పుడు తిరిగి చేతికి వచ్చునన్నమాట. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌పై విద్యుత్ బస్సులు ప్రవేశించిన తరువాత ఈ మాట తెలుగువారికి పుస్తకములోని మాట మాత్రమే కాదు.

ఇంత చక్కని ఏర్పాటులోను ఒక చిక్కు కలదు. కొండమీదనే బ్యాటరీని నిండుగ నింపుకొని దిగు బండి ఏమి చేయవలెను? నిండిన కుండలో మరల నీరు పోసినచో పొరలి పోవును. నిండిన లిథియం బ్యాటరీలో మరల విద్యుత్తును క్రుక్కినచో పొరలుటతో పోదు, బ్యాటరీ చెడును, ప్రమాదము కూడ కలుగవచ్చును. చలికి గడ్డకట్టిన బ్యాటరీయు విద్యుత్తును వేగముగా స్వీకరింపలేదు. అట్టి సమయమున అక్కరకు వచ్చునదే బ్రేకు నిరోధకము. మోటారు పుట్టించిన విద్యుత్తును ఒక లోహపు పట్టీగుండ పంపుదురు. 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రకటించిన నియమము ననుసరించి, విద్యుత్ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణించినంత వేడిమి అందులో పుట్టును. పంకా ఒకటి ఆ వేడిమిని గాలిలోనికి ఊదివేయును. శక్తిని గాలికి వదలుటయే ఈ పరికరము పని. వినుటకు వింతగ నున్నను, ప్రాణములు కాపాడు దుబారా ఇది.

సూత్రము ఇంతే, పెట్టె కట్టుట మాత్రము అంత తేలిక కాదు. నిట్టదిగుడులో నిరోధకముపై 60 కిలోవాట్ల భారము పడినదనుకొన్నచో, గాలి 200 డిగ్రీలు వేడెక్కుటకు ఒప్పుకొన్నను, సెకనుకు దాదాపు పావు ఘనమీటరు గాలి పెట్టెలో ప్రవహింపవలెను. ఆ వేడిగాలి ఎక్కడికి పోవును? టైర్లపైకి పోరాదు, బ్యాటరీ వైపు పోరాదు, ప్రక్కన నడచు బాటసారి ముఖముపైకి అసలే పోరాదు. వందల డిగ్రీలకు వేడెక్కి వ్యాకోచించు పట్టీలు వంగి ఒకదానినొకటి తాకరాదు. కొన్ని వందల వోల్టుల విద్యుత్తు ప్రవహించు చోట వాననీరు, బురద, దుమ్ము చేరరాదు. నీటితో చల్లబరచు నిరోధకములును కలవు; అయితే వానికి పంపు, గొట్టములు, రేడియేటరు కావలెను, నీరు మరుగకుండ చూచుకొనవలెను. గాలికి ఆ బాధ లేదు, కారిపోదు, కొనవలసిన పని లేదు. మోయగల వేడిమి స్వల్పము గనుక ఎక్కువ గాలిని కదల్చవలెను. పంకా రొద చేయును. ఈ లాభనష్టముల మధ్యనే యంత్రకారుల బుద్ధి పనిచేయుచున్నది. అక్కడినుండియే వారు పేటెంటు కార్యాలయపు మెట్లెక్కుచున్నారు.

ఆ మెట్లపై వారికి ఎదురగు మొదటి ప్రత్యర్థి మరియొక బస్సు కాదు, రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్నమునకు దింపు కొత్తవలస-కిరండూల్ మార్గమున శిమిలిగూడ స్టేషను 997 మీటర్ల ఎత్తున నున్నది. నిండు బరువుతో అంత ఎత్తునుండి తూర్పుకనుమలు దిగు గూడ్సు బండిని చక్రముల బ్రేకులకే వదలివేయుట క్షేమము కాదు. ఇట్టి దిగుడులు గల మార్గములలో విద్యుత్ ఇంజనుల నిరోధకములకు పని తగులును. మోటార్లు డైనమోలుగా మారి పంపిన విద్యుత్తు లోహపు పట్టీలలో వేడిమిగా మారును, పంకా దానిని పైకి ఊదివేయును. వీనిలో కొన్నింట ఒక ముచ్చటయైన ఏర్పాటు కలదు. ఆ పంకాకు వేరుగా విద్యుత్తు అక్కరలేదు; నిరోధకములోని ఒక భాగము నుండియే దానికి విద్యుత్తు అందును. బ్రేకు బలముగా పడిన కొలది ప్రవాహము పెరుగును, వేడిమి పెరుగును, వెంటనే పంకా వేగమును పెరుగును. తన మంటకు తానే విసనకఱ్ఱ అన్నట్లు! దీనిని కల్పించినవాడు గట్టివాడని ఒప్పుకొనక తప్పదు.

ఇంత పూర్వచరిత్ర ఉండగా నేటి విద్యుత్ బస్సు నిరోధకమునకు పేటెంటు అడుగువాడు ఏమని అడుగును? అట్టి దరఖాస్తు ఒకటి వచ్చినదని ఊహింపవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారి దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకు చేరును. అందులో ముఖ్యమైనవి క్లెయిములు, అనగా 'ఇంతవరకు నాది' అని పొలము గట్టువలె హద్దు వేయు వాక్యములు. మొదటి క్లెయిము సాధారణముగా ఆశపోతు. 'విద్యుత్ వాహనమున లోహపు పట్టీలు, వానిపై గాలి ఊదు పంకా, రెంటిని నడపు నియంత్రకము గల బ్రేకు నిరోధకము' అని అది పలుకును. దీనిని మంజూరు చేసినచో వేడి పట్టీపై గాలి ఊదు ప్రతి బస్సు కర్మాగారమును ఇరువది ఏండ్లపాటు ఒకరికి కప్పము కట్టవలసివచ్చును.

పరీక్షకుడు తన వెదకులాట మొదలుపెట్టును. అంతర్జాతీయ వర్గీకరణలో నిరోధకములతో బ్రేకు వేయు విధానములకు బి60ఎల్ 7/02 అను గుర్తు కలదు. నిరోధకములను చల్లార్చు ఏర్పాటులకు హెచ్01సి 1/08 అను గుర్తు కలదు. లోకమునందలి పేటెంటు పత్రములు ఈ గుర్తుల క్రింద గ్రంథాలయములోని పుస్తకములవలె అమరియున్నవి. రైలింజను నిరోధకము వెంటనే బయటపడును. ఇనుపదారి మీదిది తారురోడ్డు మీదికి వచ్చినంత మాత్రమున కొత్తది కాజాలదు. 1970 నాటి భారత పేటెంటు చట్టములోని 3(ఎఫ్) నిబంధన మరింత సూటిగా చెప్పుచున్నది. తెలిసిన పరికరములు దేని పని అది తెలిసిన రీతిని చేసికొనుచుండగా వానిని ప్రక్కప్రక్కన అమర్చుట, అటునిటు మార్చుట ఆవిష్కరణ కాదు. మొదటి క్లెయిము అక్కడ కూలిపోవును.

అసలు పరీక్ష అప్పుడు ప్రారంభమగును. దరఖాస్తుదారు హద్దును కుదించుకొనును. గాలి పెట్టెలో ప్రవేశించునప్పుడు చల్లగా నుండి, పోను పోను వేడెక్కును. కావున వెలుపలి ద్వారము దగ్గరి పట్టీలు తక్కినవానికంటె ఎక్కువ కాలిపోవును. 'ఆ వైపు పట్టీలను క్రమముగా వెడల్పు చేసితిని. వెడల్పు వలన వాని నిరోధము తగ్గి వేడిమి తక్కువ పుట్టును, గాలికి తగులు ఉపరితలము పెరుగును. పట్టీలన్నియు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతను పొందును. అంతే పనికి పెట్టె చిన్నదగును' అని అతడు చెప్పును. ఇది కేవలము అమరికయా, కల్పనయా? ఇక్కడ భాగములు దేని పని అది చేయుట లేదు. పట్టీ వెడల్పు గాలి నడకతో ముడిపడినది. కాని పరీక్షకుడు ఇంకను వెదకవలెను. కర్మాగారముల గాలి హీటర్లలో ఇట్టి ఏర్పాటు ఎవరేని పూర్వమే చేసియున్నారా? చేసియున్నచో, రైలింజను పత్రమును, హీటరు పత్రమును ఎదుట పెట్టుకొన్న నేర్పరికి ఈ రెంటిని కలుపవలెనని తోచునా?

ఆ నేర్పరి చట్టము సృష్టించిన చిత్రమైన మనిషి. ఆ రంగమున ప్రకటింపబడినదంతయు చదివినవాడు, చేతిపని తెలిసినవాడు. కాని తనంత తాను కొత్తది కల్పింపనివాడు. అతనికి సహజముగా తోచునది పేటెంటుకు తగదు. చెప్పుట తేలికయే. కాని పొడుపుకథను విప్పి చెప్పిన తరువాత అది ప్రతివానికి తేలికగానే కనిపించును. దరఖాస్తు చదివిన పరీక్షకునికి సమాధానము ముందే తెలిసియుండును. తెలియనివానివలె ఆలోచించుట అతని వృత్తిధర్మము. కావుననే 'ఇది తోచునదే' అని ఒక్కమాటతో త్రోసిపుచ్చుట చాలదనియు, పూర్వమున్నదేమి, ఇప్పుడు వచ్చినదేమి, మొదటిదానినుండి రెండవది ఎట్లు తోచును అను మూడింటిని వివరింపవలెననియు 2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డు కేసులో చెప్పినది. కారణము వ్రాయని నిరాకరణ, నిరాకరణము పొందినవానికే కాక చదువువారికిని అన్యాయమే.

అయితే రెండవ వైపు హెచ్చరికయు సుప్రీంకోర్టు నుండియే కలదు. మీర్జాపూరులో ఇత్తడి, జర్మన్ సిల్వరు పాత్రలు చేయు సంస్థ ఒకటి 1951లో పేటెంటు పొందినది. లేతు మీద పాత్రను ఒకవైపు మాత్రమే పట్టి గీకుచున్నచో అది జారి పనివానిని గాయపరచు భయము కలదు. రెండవవైపు నుండియు అదిమిపట్టు ఏర్పాటు చేసినారు. ఉపయోగమున్నది, క్షేమమున్నది, నునుపు పెరిగినది. మరియొక సంస్థ అదే విధానమును వాడగా వివాదము కోర్టుకెక్కినది. అలహాబాదు హైకోర్టులో ఏక న్యాయమూర్తి పేటెంటును రద్దు చేయగా, ద్విసభ్య ధర్మాసనము నిలబెట్టినది. 1978లో సుప్రీంకోర్టు మరల రద్దు చేసినది. రెండువైపుల అదిమిపట్టుట లేతు పనివారికి ఏనాటినుండియో తెలిసినదే. ఇది కార్ఖానాలో సహజముగా జరుగు మెరుగుదలయే గాని ఆవిష్కరణ కాదన్నది ఆ తీర్పు సారము. పట్టీల వెడల్పు కథయు ఈ తూనికలోనే తూగవలెను. ఉపయోగము ఒక్కటే చాలదు. సాధారణ పెట్టెలో పట్టీలు ఎంత వేడెక్కినవి, కొత్త పెట్టెలో ఎంత, పరిమాణము ఎంత తగ్గినది అను కొలతలను దరఖాస్తుదారు మొదటినుండియు వివరణ పత్రములో చేర్చియున్నచో అతని వాదమునకు బలము చేకూరును. 'మిక్కిలి చల్లగ నుండును' అని మాత్రము వ్రాసినవానికి పరీక్షకుడు సహాయము చేయజాలడు. నేర్పుగలవాడు చదివి తయారు చేసికొనగలుగునట్లు ఆవిష్కరణను సంపూర్ణముగా చెప్పవలెనని చట్టము విధించుచున్నది. రహస్యము విప్పినందులకే ఇరువది ఏండ్ల హక్కు.

ఆ హక్కు ముగిసిన పిదప సంగతికి సాక్ష్యము నిరోధకపు పెట్టెలోనే దొరకును. నికెల్, క్రోమియములను కలిపి చేసిన నైక్రోము తీగకు ఆల్బర్ట్ మార్ష్ 1906లో అమెరికాలో పేటెంటు పొందినాడు. ఎఱ్ఱగా కాలినను గాలిలో త్వరగా తుప్పుపట్టి చెడని ఆ లోహము లేనిచో విద్యుత్ పొయ్యిలు నిలిచెడివి కావు. నాటి అమెరికా చట్టము ప్రకారము 17 ఏండ్లు గడచి, 1923లో ఆ హక్కు తీరిపోయినది. తరువాత ఆ తీగను చుట్టుకొన్న వారెవ్వరును ఆయన అనుమతి అడుగలేదు.

కాలపు లెక్కలు క్లుప్తముగా చెప్పదగినవి. సాధారణముగా దరఖాస్తు 18 నెలలకు ప్రకటింపబడును. పరీక్ష కొరకు వేరుగా కోరవలెను. 2024 మార్చిలో మారిన నియమముల ప్రకారము అందుకు గడువు 31 నెలలు, అంతకుముందు 48 నెలలు. అభ్యంతరముల నివేదిక అందిన పిదప జవాబునకు ఆరు నెలలు, కోరినచో మరి మూడు. ప్రకటన అయిన తరువాత, మంజూరునకు ముందు, ఎవరైనను వ్యతిరేకింపవచ్చును. రైలింజను పాత పత్రమును చేతబట్టుకొని ఒక భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఆ పని చేసినను చట్టము కాదనదు.

ఉపాధ్యాయులు తెలిసికొనవలసిన మరియొక నిబంధన కలదు. 2021 నుండి విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతము తగ్గింపు లభించుచున్నది. కాని విద్యార్థి తన నమూనాను విజ్ఞాన ప్రదర్శనలో అందరియెదుట విప్పి చూపి, తరువాత దరఖాస్తు పెట్టినచో, అతని ప్రదర్శనయే అతనికి అడ్డుపడవచ్చును. నూతనత్వము అక్కడనే పోవును. 31వ నిబంధన 12 నెలల మినహాయింపు నిచ్చుచున్నది గాని, ప్రదర్శనల విషయమున అది కేంద్రప్రభుత్వము గెజెట్టులో ప్రకటించినవానికే వర్తించును. ఊరి పాఠశాలలో జరుగునది ఆ పట్టికలో ఉండదు. ఇందుకొక మార్గము తాత్కాలిక వివరణ పత్రము. దానిని ముందుగా దాఖలు చేసి తేదీని సంపాదించుకొన్నచో, సంపూర్ణ పత్రమునకు 12 నెలల వ్యవధి ఉండును. పట్టీల కొలతలు, ఉష్ణోగ్రతల పట్టికలు ఆ వ్యవధిలో సిద్ధము చేసికొనవచ్చును. ముందు పత్రములో సూచింపని కొత్త సంగతి చేర్చినచో మాత్రము దానికి పాత తేదీ దక్కదు.