పనిచోట షుగరు పడిపోతే

రాంనగర్ చేపల మార్కెట్‌లో ఆదివారం గిరాకీ ఎక్కువ. అన్నం తినడానికి తీరదు. షుగరు జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు అలా తినకుండా పనిచేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. మాట తడబడుతుంది. చూసేవాళ్లు తాగాడనుకుంటారు! అది తాగుడు కాదు.

షుగరు చూసే మిషన్‌లో అంకె 70 కంటే తక్కువుంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. మిషన్ లేదని ఆగొద్దు. షుగరు మనిషికి చక్కెరా అంటారు కొందరు. అప్పుడు అదే మందు. పావుగంటకు మళ్లీ చూడాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి.

చూపు మందగించినవారికి అంకెను పైకి చెప్పే మిషన్లున్నాయి. లేనిచోట పక్కవాళ్లు చదివి చెప్పాలి. తిండి వేళకు సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు. అది మోగినప్పుడు బేరం ఇంకొకరు చూసుకోవాలి.