జార్జియాలో దొరికిన మక్క గట్క

మేకన్ ఊళ్లో రోడ్డు పక్క చిన్న హోటల్లో ఒక పొద్దున టిఫినుకు కూర్చున్నాం. అమెరికాలోని జార్జియాకు వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. నేను అడిగింది రెండు గుడ్లు, బ్రెడ్డు. పళ్లెంలో వాటి పక్కన తెల్లగా, గరిటజారుగా ఇంకేదో ఉంది. నడుమ చిన్న గుంటలో వెన్న కరుగుతోంది. నీళ్లెక్కువైన ఉప్మా అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. ఉప్మా కాదు. పలుకు పంటికి తగిలిన తీరు, వెనకనుంచి వచ్చిన ఆ వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, కట్టెల పొయ్యి మీద మా బాపమ్మ వండిన మక్క గట్క అది.

గట్క తెలియనివాళ్ల కోసం ఒక మాట. మేం మక్కలని పిలిచే మొక్కజొన్నలను ఇసుర్రాయిలో పగలగొట్టి, జల్లించి, పిండి వేరు చేస్తే మిగిలేది మక్క రవ్వ. దాన్ని ఎసట్లో పోసి మెత్తగా ఉడికిస్తే గట్క. సల్ల పోసుకునో, పచ్చిపులుసుతోనో, తొక్కు నంజుకునో తింటాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దీన్నే గ్రిట్స్ అంటారు. ఆ మాటకు పాత ఇంగ్లిష్‌లో ముతకగా దంచిన గింజలని అర్థం. పేరు ఇంగ్లిష్‌వాళ్లదైనా తిండి వాళ్లది కాదు. మొక్కజొన్న పండించడం, దంచి వండుకోవడం వలస వచ్చినవాళ్లు అక్కడి ఆదివాసుల దగ్గరే నేర్చుకున్నారు.

దుకాణంలో గ్రిట్స్ నాలుగు రకాలుగా దొరుకుతాయి. వేడినీళ్లు పోసి కలిపితే చాలనే పొట్లాలు ఒకటి. అయిదు నిమిషాల్లో ఉడికే సన్నరవ్వ రెండోది. పావుగంట, ఇరవై నిమిషాలు పట్టే మామూలు రవ్వ మూడోది. నాలుగోది రాతి తిరగలిలో విసిరినది. మొదటి మూడింటిలో గింజ మొలకభాగాన్ని తీసేస్తారు కాబట్టి నెలల తరబడి నిలవుంటాయి. రాతి తిరగలి రవ్వలో మొలక, దానిలోని నూనె అలాగే ఉంటాయి. అందుకే రుచి, అందుకే తొందరగా ముక్కవాసన కూడా. తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఆ నాలుగోది వండడం నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. డెబ్బై దాటిన మనిషి, నాకు అమ్మమ్మ వరస అనుకున్నాను. రవ్వను గిన్నెలో పోసి నీళ్లతో కలిపి కాసేపు ఉంచింది. పొట్టు పైకి తేలాక మెల్లగా ఒంపేసింది. మా బాపమ్మ సరిగ్గా ఇలాగే చేసేది. ఒక వంతు రవ్వకు నాలుగైదు వంతుల నీళ్లు మరిగించి, ఉప్పేసి, ఒక చేత్తో రవ్వ పోస్తూ రెండో చేత్తో ఉండకట్టకుండా కలిపింది. తర్వాత మంట బాగా తగ్గించి గంటసేపు అక్కడే నిలబడింది. కుతకుత ఉడికేటప్పుడు ఒక్క చుక్క చేతిమీద పడినా చుర్రుమంటుంది. “బిడ్డా, అడుగంటుతది, తెడ్డు ఆపకు” అని బాపమ్మ అరిచేది. ఆవిడ ఇంగ్లిష్‌లో అదే అంది.

ఎలా తింటారంటే, గ్రిట్స్‌కు సొంత రుచి తక్కువ, పక్కదాని రుచిని మోసే ఓపిక ఎక్కువ. పొద్దున పూట వెన్న, ఉప్పు, మిరియాల పొడి చాలు. గుడ్డులోని పచ్చసొన పగలగొట్టి కలుపుకునేవాళ్లున్నారు. చీజ్ వేసేవాళ్లు, వేపిన చేపతో తినేవాళ్లు ఉన్నారు. చక్కెర వేయొచ్చా అన్నది ఇక్కడ పెద్ద తగాదా. మా పక్కింటావిడ ముందు చక్కెర డబ్బా తీయలేం. మిగిలింది పళ్లెంలో పరిచి రాత్రంతా ఉంచితే గట్టిపడుతుంది. పొద్దున్నే ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాలుస్తారు.

దక్షిణ కరోలినా తీరంలో జాలర్లు పొద్దున్నే తాజా రొయ్యలతో గ్రిట్స్ తినేవాళ్లు. ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్‌లో బిల్ నీల్ అనే వంటవాడు తన హోటల్లో ఆ వంటకం వడ్డించాడు. 1985లో క్రెయిగ్ క్లైబోర్న్ న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాశాక అది పెద్ద హోటళ్లకెక్కింది. జాలరి ఇంటి చద్దిపూట తిండి తెల్లగుడ్డ పరిచిన బల్లమీదకు వచ్చింది.

ఈ గింజ చరిత్రలో కన్నీళ్లూ ఉన్నాయి. ఆదివాసులు మొక్కజొన్నను కట్టెబూడిద నీళ్లలో ఉడికించి పొట్టు తీసేవాళ్లు. అలా తయారైనదే హోమినీ. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. బూడిద నీళ్లు ఆ ముడి విప్పుతాయి. వలస వచ్చినవాళ్లు గింజను తీసుకున్నారు గానీ చాలాచోట్ల బూడిదను వదిలేశారు. గత శతాబ్దం మొదట్లో మొక్కజొన్న పిండి, బెల్లంపాకం, కొవ్వు మాంసంతోనే బతికిన కౌలురైతులు, మిల్లు కూలీలు ఆ విటమిన్ అందక పెల్లాగ్రా జబ్బుతో వేలల్లో చనిపోయారు. అది అంటురోగం కాదు, తిండిలో లోటని 1914 నుంచి ఏళ్ల తరబడి పరిశోధించి చూపినవాడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు. అదే జబ్బు మన దక్కనులో జొన్నలమీదే బతికే పేదలకూ వచ్చేది. దానిమీద హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య చేసిన పరిశోధన 1960లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ గ్రిట్స్‌లో నయాసిన్, ఇనుము కలుపుతారు. గట్క పక్కన పప్పు, సల్ల ఎందుకుండాలో నాకు ఇవన్నీ చదివాకే తెలిసింది.

ఇన్నీ చెప్పడం ఒక్క మాట కోసం. మా ఇంట్లో చుట్టాలొస్తే గట్క కుండ మూలకు జరిగేది. తెల్లన్నం వండలేని ఇల్లని అనుకుంటారేమోనని బాపమ్మకు నామోషీ. ఇక్కడ జార్జియా 2002లో గ్రిట్స్‌ను రాష్ట్ర అధికారిక వంటకంగా చట్టం చేసింది. అదే గింజ, అదే రవ్వ, అదే తెడ్డు. ఇక్కడివాళ్లు లేమినాటి తిండిని దాచలేదు, చుట్టాల ముందే పెట్టారు. మా ఊళ్లో మాత్రం మక్కలు ఇప్పుడు ఎక్కువగా కోళ్ల దాణాకు పోతున్నాయి.

పోయిన ఏడు అమ్మ వచ్చినప్పుడు గంటసేపు నిలబడి గ్రిట్స్ వండాను. వెన్న వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇంత సల్ల పొయ్యే” అంది.

పోశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. ఊరికి వెళ్లాక ఫోన్ చేసింది. పాలోళ్ల చేనుకాడ మక్కలు తెచ్చిందట. గిర్నీలో ముతకగా పట్టించమంటే, “కోళ్లకా?” అని అడిగాడట గిర్నీ అతను. “మాకే” అని చెప్పి, రవ్వ పట్టించుకుని వచ్చింది. ఆ ఆదివారం ఇంటికి చుట్టాలొస్తే గట్కే వండి పెట్టింది.