వంతు రాని ఆటగాడు

క్రికెట్టు ముచ్చట మగవారిదని తలంచి మేమెన్నడును దానికి చెవి యొగ్గినవారము కాము. 2025 నవంబరు 2వ తేదీ రాత్రి మాత్రము వంటయిల్లు విడిచి వచ్చి కూర్చుంటిమి. నవీ ముంబయిలో మన యాడపిల్లలు దక్షిణాఫ్రికా జట్టును 52 పరుగుల తేడాతో నోడించి, ప్రపంచకప్పును తొలిసారి గెలుచుకొనిరి. మన కడపజిల్లా పడుచు శ్రీచరణియు ఆ జట్టులో నుండుట మాకు మరింత సంతోషము. ఆట ముగిసిన పిమ్మట నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్ తమ శిక్షకుని పాదములంటి నమస్కరించెను. ఆయన పేరు అమోల్ మజుందార్. ఆయన కథ సోదరీమణులకు చెప్పవలెనని తోచినది.

ఆయన 1974లో బొంబాయిలో జన్మించెను. రమాకాంత్ అచ్రేకర్ గారి శిష్యుడు. 1988 ఫిబ్రవరిలో, బడిపిల్లల హారిస్ షీల్డు పోటీలో, సహాధ్యాయులైన సచిన్ టెండూల్కరు 326, వినోద్ కాంబ్లీ 349 పరుగులు చేసి, విడివడకయే 664 పరుగులు కూర్చిరి. తరువాతి వంతు అమోలుది. పదమూడేండ్ల బాలుడు కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని రెండు దినములు కూర్చుండెను. వంతు రానేలేదు. పెండ్లిండ్లలో వడ్డన చేయుచు కడబంతికై కాచుకొనియుండు మనకు ఆ బాలుని స్థితి వేరుగా చెప్పనక్కరలేదు. కడబంతి వారికైనను విస్తరి వేయుదురు గదా!

పెరిగిన పిదప, 1993-94లో, బొంబాయి పక్షమున హర్యానాపై ఆడిన తొలి రంజీ ఆటలోనే 260 పరుగులు చేసెను. ప్రథమశ్రేణి ఆటలో తొలిసారి దిగినవాడు అంతకు ముందు లోకమున నెక్కడను అన్ని పరుగులు చేసియుండలేదు. ఇక భారత జట్టులో చోటు తప్పదని యెల్లరు ననుకొనిరి. కాని ఆ కాలమున అందలి నడిమి స్థానములు క్రమముగా టెండూల్కరు, ద్రావిడు, గంగూలీ, లక్ష్మణులతో నిండిపోయెను. లక్ష్మణుడు మన హైదరాబాదువాడు. వీరిలో నెవరిని తప్పింపవలసినదో మేమును చెప్పజాలము.

అమోలు ఆట మానలేదు. 2006-07లో తన నాయకత్వమున ముంబయికి రంజీ కప్పు గెలిచి పెట్టెను. ఆపై అస్సాముకు, కడపట మన ఆంధ్ర జట్టుకును ఆడెను. 2014లో విరమించునాటికి 171 ప్రథమశ్రేణి ఆటలు, 11,167 పరుగులు, 30 శతకములు. భారతదేశము పక్షమున మాత్రము ఒక్క ఆటయు లేదు.

2023 అక్టోబరులో స్త్రీల జట్టు నాయన చేతికిచ్చిరి. 2025 కప్పులో ఆ జట్టు వరుసగా మూడాటలు ఓడినప్పుడు నిందలకు కొదువ లేకపోయెను. పిమ్మట సెమీఫైనలులో ఆస్ట్రేలియా నిలిపిన 339 పరుగుల గురిని జెమీమా రోడ్రిగ్స్ అజేయముగా 127 చేసి దాటించెను.

ఈ కప్పుతో ఆయన లోటు తీరినదని పలువురనిరి. మే మట్లు తలంపము. తా నాడవలసిన ఆట వేరు, పిల్లలకు నేర్పిన ఆట వేరు. మావారు బడిపంతులు. పెద్ద యుద్యోగములలో నున్న శిష్యులు వచ్చి నమస్కరించినప్పుడు ఆయన మొగమున సంతోషముతోపాటు మరియొకటి కూడ కనబడును. అదేమని మేమెన్నడును అడుగలేదు.