ఇరుగుపొరుగు కలిసి కట్టుకొన్న అంగడి



పొయ్యిమీద మూకుడు పెట్టి, "ఆవాలు నిండుకున్నాయిరా, కొట్టుకు పోయి పట్టుకురా!" అని అమ్మ కేక వేస్తే మీరేం చేస్తారు? డబ్బులు పిడికిట్లో పట్టుకొని వీధి చివరికి పరుగెత్తుతారు. నూనె కాగేలోపల తిరిగి వచ్చేస్తారు. దగ్గరలో కొట్టు ఉండటం ఒక భాగ్యమని మీకు ఏనాడూ తోచి ఉండదు.

కాని ఆ భాగ్యం అందరికీ లేదు. ఏదో పేదదేశం సంగతి కాదు నేను చెప్పేది. సంపన్నదేశమైన అమెరికాలో, ఫిలడెల్ఫియా అనే మహానగరం సంగతి.

ఆ నగరపు ఉత్తరభాగంలో నల్లజాతివారు ఎక్కువ. రెండవ ప్రపంచయుద్ధం తరువాత డబ్బున్నవాళ్ళు, ముఖ్యంగా తెల్లవారు, ఊరి వెలుపల కొత్త ఇళ్ళు కొనుక్కొని వెళ్ళిపోయారు. వాళ్ళ వెనుకనే పెద్ద సరుకుల అంగళ్ళు కూడా వెళ్ళిపోయాయి. ఎందుకు వెళ్ళాయి?

లెక్క వేసి చూద్దాం. ఆ దేశంలో ఇటువంటి అంగడివాడు వంద డాలర్ల సరుకు అమ్మితే, ఖర్చులన్నీ పోను ఒకటి రెండు డాలర్లు మిగలడం మామూలు. కనుక ఎంతో సరుకు అమ్మితేగాని గిట్టదు. ఊరి వెలుపల విశాలమైన స్థలం ఉంది, కార్లు నిలుపుకొనే చోటు ఉంది. ఇరుకైన పాతపేటలో అవి లేవు. పైగా, నల్లవారి పేట అనగానే బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనుకాడేవి.

మరి ఆ పేటల్లో మిగిలినవి ఏమిటి? చిన్న చిన్న కొట్లు. టమాటాలు నాలుగు రోజుల్లో కుళ్ళిపోతాయి. సీసాలో తీపి పానీయం, పొట్లంలో వేపుడు చిప్సు నెలల తరబడి ఉంటాయి. చిన్న కొట్టువాడు ఏవి పెట్టుకొంటాడో మీరే చెప్పండి! కారు లేని ముసలమ్మ మంచి కూరలు కావాలంటే సంచులు మోసుకొని బస్సులు ఎక్కి దిగాలి.

ఆ పేటలో జియాన్ బాప్టిస్టు చర్చికి లియాన్ సల్లివన్ అనే ఆయన పాస్టరుగా ఉండేవారు. ఆయన చిన్నతనంలో ఒక దుకాణంలో పానీయం తాగుదామని కూర్చోబోతే, నల్లవాడు ఇక్కడ కూర్చోరాదని లేపివేశారట. ఆ అవమానాన్ని ఆయన మరిచిపోలేదు.

1962లో ఒక ఆదివారం ఆయన తన చర్చివారికి ఒక ఉపాయం చెప్పారు. ఒక్కొక్కరు నెలకు 10 డాలర్ల చొప్పున 36 నెలలు ఇవ్వాలి. మొత్తం ఎంత? 360 డాలర్లు. అందులో మొదటి 16 నెలల సొమ్ము, అంటే 160 డాలర్లు, చదువులకూ ధర్మకార్యాలకూ పోతుంది. తక్కిన 20 నెలల సొమ్ము, 200 డాలర్లు, వ్యాపారంలో వాటాగా ఉంటుంది. యాభైమంది ముందుకు వస్తే చాలునని ఆయన అనుకొన్నారు. అంతకు ఎన్నోరెట్ల మంది వచ్చారు. వాళ్ళు ధనవంతులు కారు. నెలనెలా పది డాలర్లు తీసి పక్కన పెట్టడం వాళ్ళకు తేలిక కాదు.

ఆ పొదుపును చూపి బ్యాంకులో అప్పు తీసుకొన్నారు. 1968లో బ్రాడ్ స్ట్రీట్ మీద "ప్రోగ్రెస్ ప్లాజా" తెరిచారు. నల్లజాతివారే కట్టుకొని, వారే యజమానులైన అంగళ్ళ సముదాయాల్లో అమెరికాలో అదే మొదటిదని పేరు. పేటకు సరుకుల అంగడి వచ్చింది. నిన్నటిదాకా కొనడానికే పనికివచ్చినవారికి ఇప్పుడు అక్కడ ఉద్యోగాలు దొరికాయి.

కథ ఇంతటితో ముగిస్తే బాగుండును. కాని 1990ల చివర ఆ సరుకుల అంగడి మూతపడింది. మళ్ళీ పదేళ్ళకు పైగా పేటవారికి బస్సు ప్రయాణాలు తప్పలేదు. సల్లివన్ గారు 2001లో కన్నుమూశారు.

2004లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఇటువంటి పేటల్లో అంగళ్ళు పెట్టేవారికి అప్పులూ గ్రాంట్లూ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. రాష్ట్రం అందుకు 3 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ సాయంతో 80కి పైగా కొట్లు పుట్టడమో, బాగుపడడమో జరిగింది. ప్రోగ్రెస్ ప్లాజాలో కూడా 2009లో కొత్త సరుకుల అంగడి తెరిచారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అధ్యక్షుని భార్య మిషెల్ ఒబామా వచ్చి దానిని చూశారు.

కొట్టు వస్తే చాలా? చాలదు. 2014లో వెలువడిన ఒక పరిశోధన ఫిలడెల్ఫియాలోనే ఇంకొక పేటను పరిశీలించింది. కొత్త అంగడి వచ్చిందని అక్కడివారు సంతోషించారు గాని, వారి తిండి అలవాట్లు మారలేదు. కూర దగ్గరికి రావడం ఒక మెట్టు, ధర అందుబాటులో ఉండటం ఒక మెట్టు, దానిని వండుకొని తినే అలవాటు ఇంకొక మెట్టు. అయితే మొదటి మెట్టు లేనివాడిని, పైమెట్టు ఎందుకు ఎక్కలేదని నిందించడం న్యాయమా?

నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంటిపని ఇవ్వకుండా వదలను! ఈ ఆదివారం మీ పేట పటం గీయండి. కూరలు, పాలు, పప్పులు దొరికే చోట్లు అందులో గుర్తించండి. తరువాత మీ ఊళ్ళో పేదలు ఉండే పేట పటం కూడా అలాగే గీయండి. అక్కడి అవ్వ నాలుగు వంకాయలకోసం ఎన్ని అడుగులు నడవాలో లెక్కపెట్టండి. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి మీ అమ్మానాన్నలకు చూపించండి. ఆ తేడా ఎందుకు వచ్చిందో, అది తగ్గాలంటే ఎవరు ఏం చేయవచ్చునో వారితో కలిసి ఆలోచించండి.